ట్రంకు పెట్టె అడుగున పసుపు ఊలు

నిన్న పొద్దున్న కూరలకని బయల్దేరితే, వీధి మొగలో మా ఆటో అతను బండికి ఆనుకుని టీ తాగుతున్నాడు. మెడలో మఫ్లరు. ఈ అనకాపల్లిలో చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడమే తప్ప, మెడకి ఊలు చుట్టుకునేంత చలి మేమెప్పుడూ ఎరగం. అయినా అతను దాన్ని రెండు చుట్లు చుట్టుకుని, చెమట పట్టిన మెడతోనే హాయిగా ఉన్నాడు. ఆకుపచ్చ అయిపోయిన చోట ఎరుపు, ఎరుపు అయిపోయిన చోట ముదురు నీలం, చివర జానెడు గులాబీ. ఒక వరసా పాడూ లేదు. ఒక ఊలు ఉన్నంతవరకు అల్లి, అది అయిపోగానే చేతికందిన రంగు ముడేసుకుంటూ పోయిన పని అది. మా అత్తగారి పని. "ఇంకా దాచేవా దీన్ని?" అన్నాను. "ఎలా పారేత్తానక్కా. ఆ రోజు దీని కొస పళ్లతో కరిసి పట్టుకునే కదా ఆసుపత్రికి తోలేను," అన్నాడు. నేను కూరల సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేశాను. 'ఆ రోజు' అన్న మాట వింటే నాకిప్పటికీ ఇంకేదీ గుర్తుండదు.

మా అత్తగారిది చీడికాడ వైపు రైతుల ఇల్లు. చెరకు, వరి తప్ప ఊలు మొహం చూడని కుటుంబం. మామగారిది రైల్వేలో ఉద్యోగం. అరకు లైనులో, దగ్గరికొచ్చేదాకా రైలు కనిపించనంత మంచు పట్టే చిన్న స్టేషన్లలో చాలాకాలం పనిచేశారు. అక్కడ పక్క క్వార్టర్సులో ఉన్న ఒకావిడ దగ్గర మా అత్తగారు అల్లకం నేర్చుకున్నారు. అల్లడం నేర్చుకుని ఊరుకుంటే బాగుండేది, ఊలు కొనడం కూడా నేర్చుకున్నారు. విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా ఊలు. ఎవరైనా బదిలీ మీద వెళ్తూ మిగిలిన ఉండలు ఇస్తే అవీ. మామగారు రిటైరై అనకాపల్లి వచ్చేసరికి, మొహానికి పౌడరు నిలవని ఈ ఊళ్లోకి ఆవిడ వెంట పెద్ద ట్రంకు పెట్టెడు ఊలు దిగింది. ఏడాదికోసారి దాన్నంతా డాబా మీద ఎండబెట్టి, కలరా ఉండలు వేసి మళ్లీ సర్దేవారు. కాపురానికొచ్చిన కొత్తలో నేను ఆ పెట్టె మీద నా కుట్టు మిషను పెట్టుకుందామని చూశాను. ఆవిడ చూసిన చూపుకి ఆ మిషను ఇప్పటికీ వరండాలోనే ఉంది.

మా అమ్మాయిని ఎలమంచిలి ఇచ్చాం. మొదటిసారి కడుపు మూడో నెలలోనే పోయింది. రెండోసారి ఏడో నెల వరకు నిలిచింది. మా వైపు పుట్టబోయే బిడ్డకి ముందుగా ఏదీ కొనరు, కుట్టరు. పుట్టాక కూడా పురుడు వెళ్లేదాకా కొత్తబట్ట వెయ్యరు. వేరే ఎవరి బిడ్డో వేసుకుని విడిచిన పాత చొక్కా, ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీర ముక్కలు, అంతే. ఈ పట్టింపు నాకు నేర్పింది, చుట్టాల్లో ఎవరైనా తప్పితే ఇంటికెళ్లి మరీ చీవాట్లు పెట్టింది మా అత్తగారే. అలాంటి మనిషి ఆ రెండోసారి ఆగలేకపోయారు. ఏడో నెల వచ్చిందంటే ఇక భయం లేదనుకున్నారు కాబోలు, పసుపు ఊలు తీసి ఎవరికీ చెప్పకుండా చిన్న స్వెట్టరు మొదలెట్టారు. వీపు భాగం, ఒక చెయ్యి పూర్తయ్యాయి. అంతలో అమ్మాయి ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది. ఆవిడని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆవిడే పెరట్లో కూర్చుని ఆ అల్లకం విప్పేసి, ఉండ చుట్టి, పెట్టె అడుగున పడేశారు. ఒకసారి అల్లి విప్పిన ఊలు తిన్నగా ఉండదు, వంకరలు దానికలాగే ఉండిపోతాయి. ఆ తర్వాత పెట్టె ఎండబెట్టినా ఆ ఉండని మాత్రం బయటికి తియ్యలేదు.

మూడోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఐదో నెలలో పిల్లని మా ఇంటికి తెచ్చుకున్నాం. గాలి బాగా వచ్చేది ముందుగదే కాబట్టి మంచం అక్కడే వేశాం. ఆ గదిలోనే ట్రంకు పెట్టె. అమ్మాయి వచ్చిన మర్నాడే అత్తగారు పెట్టె మూత తెరిచి, "ఈ ఊలంతా ఎవలికో ఒకలికి అల్లి ఇచ్చీవాలి. నేను పోయేక మీరు సెత్తబండికే ఏత్తారు," అన్నారు. అసలు సంగతి మా అందరికీ తెలుసు. ఆ చేతులు ఖాళీగా ఉంటే అల్లకూడనిది అల్లుతాయి. అందుకని ఊరి మీద పడ్డారు. ఆటో అతనికి మఫ్లరు. బెల్లం మార్కెట్లో గుమాస్తాగా చేసే పక్కింటాయనకి కోతి టోపీ. వేసవి ముంచుకొస్తున్న రోజుల్లో ఆ పెద్దమనిషి మర్యాద కోసం దాన్ని మా గేటు దాటేదాకా పెట్టుకుని, సందు మలుపు తిరిగాక తీసి జేబులో కుక్కుకునేవారు. ఆఖరికి మా గ్యాసు బండకి కూడా అంచు కుచ్చులతో గౌను వచ్చింది. రోజూ సముద్రం ఒడ్డు నుంచి ఆటోలో వచ్చి మా వీధిలో చేపలమ్మే ఆవిడకి, తల మీద తట్ట కింద పెట్టుకునే చుట్ట అల్లిచ్చారు, ఐదు రంగుల్లో. ఆవిడ దాన్ని తల మీద పెట్టుకుని మా గుమ్మంలో గుండ్రంగా తిరిగి చూపించింది. అమ్మాయి నవ్వింది. ఆ నెలల్లో అది నవ్వగా నేను చూసింది తక్కువ.

ఎందుకంటే అమ్మాయి పెట్టె వైపే చూస్తూ పడుకునేది. ఎండాకాలం నూతిలో నీళ్లు దిగిపోతుంటే రోజూ తొంగిచూసినట్టు, ఊలు ఎంతవరకు తగ్గిందో చూసుకునేది. అడుగున ఏముందో దానికీ తెలుసు. "అమ్మా, మామ్మని కొంచెం నెమ్మదిగా అల్లమను," అంది ఓ మధ్యాహ్నం, చాలా మామూలుగా. నేను వెళ్లి చెప్పాను. నెమ్మదిగా అల్లడం ఆవిడకి రాదు. పైగా భయపడే కొద్దీ వేళ్లు ఇంకా జోరుగా ఆడేవి. ఆకుపచ్చ అయిపోయింది, బూడిదరంగు అయిపోయింది, నేను అసహ్యించుకునే వంకాయరంగు కూడా అయిపోయింది. ఇంకో నాలుగు ఉండలు కొనుక్కొస్తానంటే, "ఒద్దు. ఇంటినిండా ఊలేనని నువ్వే కదేటి ఇన్నాళ్లూ సణిగేవు," అన్నారు. ఎనిమిదో నెల వచ్చేసరికి పెట్టెలో కలరా ఉండలు, ఆ పసుపు ఉండ మాత్రం మిగిలాయి. సూదులు కొన్నాళ్లు గోడ పక్కన ఊరికే పడి ఉన్నాయి. నేను ఆ గది ఊడుస్తూ ఉండ వైపు చూడకుండా మొహం తిప్పుకునేదాన్ని. ఊలుకి భయపడటమేమిటని నన్ను నేను తిట్టుకునేదాన్ని, అయినా చూసేదాన్ని కాదు.

అంతలో చేపలావిడ, కోడలికి కొడుకు పుట్టాడని చెప్పింది. ఆ మర్నాడు నేను కాఫీ తీసుకుని గదిలోకి వెళ్తే అత్తగారి సూదుల మీద పసుపు రంగు ఉంది. అరచేతంత వెడల్పు. అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల వినకూడదని ఆవిడని పెరట్లోకి పిలిచాను.

"ఏటత్తయ్యా ఇది?"

"సేపలామె మనవడికి."

"మనింటి బిడ్డకి పనికిరాని ఊలు వాళ్లింటి బిడ్డకి పనికొత్తాదా? వాళ్లది మాత్రం బిడ్డ కాదా?"

ఆవిడ సూదులు చీర కుచ్చిళ్ల మీద పెట్టుకున్నారు. "ఆ సేపలామెకి అంతా సెప్పే అల్లుతన్నాను. నన్నింకేటీ అడక్కమ్మాయ్," అన్నారు. స్వెట్టరూ టోపీ పూర్తయ్యాయి, చేపలావిడ వాటిని కొంగున కట్టుకుని పట్టుకుపోయింది. నేను ఆవిడ మొహం చూడలేక ఆ రోజు చేపలే కొనలేదు. కానీ ఒకటి నిజం. పసుపు గుమ్మం దాటాక ఇల్లు కొంచెం తేలికపడింది. అమ్మాయి ఖాళీ పెట్టె వంక చూసి, రాత్రికి చారన్నం తింది.

అది ఎన్నాళ్లో నిలవలేదు. ఓ రోజు మిట్టమధ్యాహ్నం పిల్లకి కాళ్లు పొంగాయి, తలనొప్పంది, చూపు మసకగా ఉందంది. ఆటో అతను అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. రోడ్డు నిండా లారీలు. అతను మఫ్లరు కొస నోట్లో కుక్కుకుని, హారను మీద చెయ్యి తియ్యకుండా తోలాడు. వెనక అమ్మాయి తల నా ఒళ్లో, కాళ్లు అత్తగారి ఒళ్లో. ఆవిడ దారిలోనే చిన్న ఫోను చెవిలో పెట్టుకుని ఎవరితోనో గొణిగారు, నేను పట్టించుకోలేదు. ఆసుపత్రిలో బీపీ చూసి, ఆగడానికి లేదని పిల్లని తిన్నగా ఆపరేషను గదిలోకి తీసుకుపోయారు. అల్లుడు ఎలమంచిలి నుంచి వచ్చేసరికి తలుపులు మూసేశారు. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపు నేను దేవుణ్ణి కూడా తలుచుకోలేదు, భయంతో అంత మొద్దుబారిపోయాను. పక్కన అత్తగారి చేతుల్లో సూదులు లేవు, ఊలు లేదు. వేళ్లు మాత్రం అల్లుతూనే ఉన్నాయి.

నర్సు బయటికొచ్చి ఆడపిల్ల అంది. తల్లి బాగానే ఉంది, బిడ్డ బాగా చిన్నది, వెచ్చటి పెట్టెలో పెట్టామంది. "టోపీ, స్వెట్టరు తెచ్చేరా? ఒళ్లు సల్లబడిపోతంది, బేగి ఇవ్వండమ్మా." నా సంచిలో నేతచీర ముక్కలు తప్ప ఏమీ లేవు. ఊరందరికీ ఊలు పంచిన ఇంట్లో పుట్టిన పిల్లకి తల మీదకి టోపీ లేదు. అల్లుడు కొట్టుకి వెళ్తానని లేచాడు. అత్తగారు అతని చెయ్యి పట్టుకున్నారు. "కొత్తది ఒద్దు బాబూ, కొంచెం ఆగు."

మా అల్లుడు మెత్తని మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. "ఇప్పుడు కూడా పట్టింపులేటండీ. ఒగ్గండి నన్ను," అన్నాడు. "నువ్వెళ్లు బాబూ," అన్నాను నేను. జీవితంలో మొదటిసారి అత్తగారి మాటకి అడ్డం వెళ్లాను. అతను మెట్ల దాకా వెళ్లాడో లేదో, ఎదురుగా చేపలావిడ ఎక్కి వస్తోంది. తట్ట కిందెక్కడో వదిలేసింది, తల మీద ఐదు రంగుల చుట్ట మాత్రం అలాగే ఉంది. కొంగు విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పసుపు టోపీ, పసుపు స్వెట్టరు.

"మామ్మగారు ఫోను సేయగానే బజార్నించి ఇలగే వచ్చీసేను. ఉతికీసి, ఎండబెట్టీసి, తట్టలోనే అట్టుకు తిరగతన్నానమ్మా. మావోడికి అప్పుడే బిగుతైపోనాది," అంది.

నర్సు వాటిని వాసన చూసి, మెత్తగా ఉన్నాయో లేదో చెంపకి ఆనించుకుని, లోపలికి పట్టుకుపోయింది. అప్పుడు అత్తగారు నా వైపు తిరిగారు. "కొత్తది కాదమ్మాయ్. బతికిన బిడ్డ ఏసుకుని ఇడిసిన పాతది," అన్నారు. నేను ఆ కారిడార్లో అందరి ముందూ ఏడ్చేశాను.

చేపలావిడని తర్వాత అడిగాను, ఆ ఊలు సంగతి తెలిసీ నీ మనవడికి ఎలా వేశావని. "సముద్రం మీదకి మగోల్లని రోజూ అంపుతన్నోల్లం, ఊలుకి బయపడతామేటమ్మా. మావోడేసుకుంటే మీ పిల్లకి దారవుతాదంటే, ఎయ్యనా మరి," అంది. పాప చాలా రోజులు ఆసుపత్రిలో ఆ వెచ్చటి పెట్టెలోనే ఉంది. స్వెట్టరు దానికి అంగీలా మోకాళ్ల దాకా వచ్చేది. ఇప్పుడది బడికి వెళ్తోంది, నా మాట వినదు. అత్తగారు కిందటి ఏడాది వెళ్లిపోయారు. ట్రంకు పెట్టె మీద ఎట్టకేలకి నా కుట్టు మిషను పెట్టుకోవచ్చు, కానీ పెట్టబుద్ధి కావడం లేదు.

ఈ వేళ చేపలావిడ వచ్చి, రెండో కోడలికి కాన్పైందని, ఆ పసుపుది ఇమ్మని అడిగింది. బీరువాలోంచి తీశాను. ఈపాటికి అది మా వీధిలో, వాళ్ల పేటలో ఎందరు పిల్లల ఒంటి మీదకెళ్లి తిరిగొచ్చిందో. రంగు వెలిసింది, ఉతికి ఉతికి ఊలులోని వంకరలన్నీ సాపైపోయాయి. కాలం ప్రతిదాన్నీ పాత చేసేస్తుందని విసుక్కునేదాన్ని ఒకప్పుడు. ఒక చిన్న స్వెట్టరు పాతబడటం కోసం మా అత్తగారు ఒక్కరే ఊపిరి బిగబట్టుకున్న రోజులు తలుచుకుంటే, పాతబడేంత కాలం దొరకడమే అన్నిటికన్నా పెద్ద వరమనిపిస్తుంది.