అంకెల్లేని గడియారం కోసం

నాకు గడియారాల పిచ్చి పట్టిన ఆ రోజుల్లో ఊళ్లో ఎవరికీ చేతి గడియారంతో పనిలేదు. టైం చూడాలంటే అప్పటికే అందరూ జేబులోంచి ఫోను తీస్తున్నారు. నేను మాత్రం నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ, ఇంట్లో ఇవ్వగా మిగిలిన జీతమంతా పాత గడియారాల మీద పోసేవాడిని. ఇరవై ఆరేళ్లు, పెళ్లి కాలేదు, వద్దని చెప్పేవాళ్లు ఎవరూ లేరు (అమ్మ చెప్పేది, కానీ అమ్మ చెప్పేదాన్ని నేను లెక్కలోకి తీసుకునేవాడిని కాదు). ట్రంకుపెట్టెలో పాత తువ్వాలు పరిచి, దాని మీద పదిహేడు గడియారాలను వరసగా పడుకోబెట్టాను. వాటిలో నడిచేవి నాలుగు. ఆ నాలుగూ నాలుగు రకాల టైం చూపించేవి. అందుకని బడికి ఏనాడూ వేళకు చేరేవాడిని కాదు. "పదిహేను ఇరవై గడియారాలున్నయంట, ఒక్కటి సుత ప్రార్థన టైం చూపియ్యదా సారూ?" అని మా హెడ్మాస్టరు గేటు దగ్గరే నిలబడి అడిగేవాడు. నేను నవ్వేవాడిని. ఆయన నవ్వేవాడు కాదు.

ఫోన్లో గడియారాలు సేకరించేవాళ్ల గ్రూపు ఒకటుండేది. హైదరాబాదు వాళ్లు, బెంగళూరు వాళ్లు, ఎక్కడెక్కడి వాళ్లో అందులో ఉండేవాళ్లు. ఒకాయన సముద్రంలో మునిగేవాళ్లు పెట్టుకునే గడియారం ఫొటో పెడితే, ఇంకొకాయన తాతల నాటి బంగారు గడియారం పెట్టేవాడు. నేను ఏది పెట్టినా ఒక బొటనవేలి బొమ్మ వచ్చేది, అదీ ఒక్కటే, అదీ రెండు రోజుల తర్వాత. ఈ ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని గడియారం ఒకటి సంపాదించి, దాని ఫొటో పెట్టి, మాట్లాడకుండా ఊరుకోవాలని నా కోరిక. దానికోసం నేను రోజూ సాయంత్రం బస్టాండు ఎదురుగా ఉన్న గడియారాలు బాగుచేసే తాత డబ్బా కొట్టు దగ్గర కూర్చునేవాడిని. మేం ఆయన్ని భూతద్దం తాత అనేవాళ్లం. కంటికి అద్దం బిగించి బిగించి, అది తీసేసినా ఆ కన్ను అలాగే చిన్నగా ఉండిపోయింది.

ఒకరోజు ఆయన్ని నిలదీశాను. "తాతా, ఎవరి దగ్గరా లేని గడియారం ఎక్కడన్న ఉందా?"

"ఉంది" అన్నాడు తాత తల ఎత్తకుండానే. "నేనే చేసిన. గదొక్కటే చేసిన."

సంగతేమిటంటే, పూర్వం నాగల్‌గిద్ద బస్సు మీద ఒక కండక్టరు పనిచేసేవాడు. ఒక వానాకాలం ఆయన గడియారంలోకి నీళ్లు పోయి, అంకెలన్నీ చెరిగిపోయాయి. అంకెలుండే కొత్త బిళ్ల దొరకదని తాత చెప్పాడట. "అంకెలు నాకెందుకే, నా బస్సు స్టేజీలు రాయి" అన్నాడట కండక్టరు. ఆ దారిలో బస్సు ఆగే స్టేజీలు సరిగ్గా పన్నెండు. ఒంటిగంట చోట నారాయణఖేడ్, ఏడు చోట బోరంచ, పన్నెండు చోట నాగల్‌గిద్ద. పూర్తి పేర్లు పట్టవు కనుక, సన్నని కుంచెతో ఒక్కో పేరుకు మొదటి అక్షరం రాసి ఇచ్చాడు తాత.

నేను స్టూలు మీంచి లేచాను. "ఇప్పుడెక్కడుంది తాతా అది?"

"యాడుంటది? ఆయన చేతికే ఉంది. నౌకరి అయిపోయి నాగల్‌గిద్దల కూసున్నడు. గని గడియారం మాటెత్తితే మాత్రం ఇయ్యడు. ఇంతకుముందు అడిగినోళ్లున్నరు, వాపస్ వచ్చిండ్రు."

ఆ వాపసు వచ్చినవాళ్లకు తెలివి లేదని నా నమ్మకం. నేనైతే ముందు వేరే ఏదో పని మీద వచ్చినట్టు నటిస్తాను, పరిచయం పెంచుకుంటాను, అప్పుడు అనుకోకుండా కంటపడినట్టు గడియారం మాట తెస్తాను. అంతా ఆలోచించాను. ఆ వేరే పని ఏమిటన్నది మాత్రం బస్సులో ఆలోచిద్దామనుకున్నాను. పెట్టెలోని గడియారాల్లో బాగున్నవి ఆరు అమ్మేశాను, దాచుకున్నదంతా దానికి కలిపాను. ఒక గురువారం పొద్దున హెడ్మాస్టరుకు ఫోను చేసి, గొంతు బొంగురు చేసుకుని జ్వరమని చెప్పాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, డబ్బున్న కవరు లోపలి జేబులో పెట్టుకుని నాగల్‌గిద్ద బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. చల్లగాలికి ఆలోచన మొదలుపెట్టక ముందే నిద్రపోయాను.

అలా ఏ ఆలోచనా లేకుండానే, దారి అడుగుతూ వెళ్లి కండక్టరు ఇంటి ముందు నిలబడ్డాను. చిన్న గేటు, లోపల రేకుల కొట్టం, కొట్టం ముందు కట్టేసిన ఒక నల్లటి బర్రె. కందులు చెరుగుతున్న ఒకావిడ నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచింది.

"బర్రి! బర్రి!" అంది నవ్వుతూ.

ఆమెది బీదర్ వైపు. అక్కడి కన్నడంలో 'బర్రి' అంటే 'రండి' అని. ఇది నాకు తెలియని సంగతి కాదు. నా తరగతిలో సగం మంది పిల్లలు ఇంట్లో కన్నడమే మాట్లాడతారు. కానీ అబద్ధం వెతుక్కుంటూ వెళ్లినవాడి చెవులు వేరేగా ఉంటాయి. బర్రె కోసమా అని ఆమె అడుగుతోందనుకున్నాను. ఎంత సులువుగా దారి దొరికింది అని కూడా అనుకున్నాను.

"అవునమ్మా, బర్రె కోసమే వచ్చిన" అన్నాను.

ఆమె నోరు తెరుచుకుని నన్ను చూసి, లోపలికి తిరిగి కేకేసింది. లుంగీ మీద బనీనుతో ఒక బక్కపలచని పెద్దమనిషి బయటికి వచ్చాడు. ఎడమచేతికి గడియారం ఉంది. నాకు ఇంకేమీ కనిపించలేదు.

"బర్రెను అమ్ముదామని రాత్రే అనుకున్నం, మేమిద్దరమే. నీకెట్ల ఎరుక?" అన్నాడు కండక్టరు.

"అనుకుంటుండ్రు, విన్న" అన్నాను.

"ఎవరు?"

"ఖేడ్‌ల."

రాత్రి గదిలో ఇద్దరు అనుకున్న మాట తెల్లారేసరికి ముప్పై కిలోమీటర్ల అవతల నారాయణఖేడ్ అంతా ఎలా పాకిందా అని ఆయన కాసేపు ఆలోచించి, "రా, చూడు మరి" అన్నాడు. బర్రె మూతి పట్టుకుని, పళ్లు కనిపించేలా నోరు తెరిచాడు. తెరిచింది ఎడమచేత్తో. గడియారం సరిగ్గా నా ముక్కు ముందుకు వచ్చింది. వంగాను. పసుపుబారిన బిళ్ల మీద ఎర్రటి చిన్న చిన్న అక్షరాలు. ఏడు చోట 'బో'. ఎంతసేపు వంగి చూశానో నాకు తెలియదు. బర్రె నా తెల్ల చొక్కా మీద తుమ్మింది.

"మస్తు పరీక్ష చేస్తుండు" అంది ఆవిడ మెచ్చుకోలుగా. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి టైమెంతయిందని అడిగింది.

ఆయన మణికట్టు చూసుకుని, "సర్కారు బావి దాటి పావుగంట" అన్నాడు. పది అంకె చోట ఉన్న స్టేజీ అది, అంటే పదింబావు. ఆ ఇంట్లో అందరూ టైం అలాగే చెప్పుకుంటారు. ఆ మాట విన్నాక ఆ గడియారం లేకుండా ఇంటికి వెళ్లడం నావల్ల కాదనిపించింది.

ఏం పని చేస్తావని అడిగారు, పంతులునని చెప్పాను. జొన్నరొట్టె, పప్పు పెట్టారు. తింటూ నాలుగుసార్లు గడియారం మాట ఎత్తబోయాను. నాలుగుసార్లూ ఆయన బర్రె సుగుణాల వైపు మళ్లించాడు. చివరికి ధర చెప్పమన్నాడు. ఈ గొడవ వదిలించుకోవడానికి, వినగానే ఆయనకు కోపం రావాల్సినంత తక్కువ ధర చెప్పాను. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

"పంతులు పిల్లగాడు, ఉన్నకాడికి అడుగుతుండు. ఇచ్చేద్దాం" అంది. లేచి వెళ్లి బర్రె మెడ పట్టుకుని ఏడ్చింది. దానికి పుల్లటి గడ్డి పెట్టొద్దని, పేరు పెట్టి పిలవకుండా పాలు పిండొద్దని (పేరు మల్లమ్మ) నాతో చేతిలో చెయ్యి వేయించుకుంది. ఏడుస్తున్న మనిషి చేతిలో చెయ్యి వేశాక, అమ్మా నేను గడియారం కోసం వచ్చానని ఎలా చెప్పను?

"నెలకోపారి వచ్చి సూసి పోత, ఏమనుకోకు" అన్నాడు కండక్టరు.

ఆ గడియారం ఇక నెలనెలా మా ఇంటికి వస్తుందన్నమాట. ఈ ఒక్క ఆశతో కవరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

మల్లమ్మను ట్రాలీ ఆటోలో ఎక్కించారు. అది ఒంటరిగా బెదురుతుందని నన్నూ వెనకే ఎక్కించారు. దాని తాడు పట్టుకుని, దాని తుమ్ము ఆరిన చొక్కాతో, ప్రతి గుంతకూ దాని పొట్టను కౌగిలించుకుంటూ పన్నెండు స్టేజీలూ నిలబడే వచ్చాను. బస్టాండు దగ్గర ఆటో ఆగింది. హోటల్ ముందు చాయ్ తాగుతున్న మా హెడ్మాస్టరు గ్లాసు దించి, నన్ను, బర్రెను, మళ్లీ నన్ను చూశాడు.

"జ్వరం ఎట్లుంది సారూ?"

"జర తగ్గింది సార్" అన్నాను.

"ఎవరికి?" అన్నాడు ఆయన.

ఇంటి దగ్గర అమ్మ గడప దాటి వచ్చి బర్రెను చూసింది. "గడియారానికి పోతున్న అంటివి గదరా. ఇదేం గడియారం, నాలుగు కాళ్లున్నయ్?" అంది. తర్వాత దాని చుట్టూ తిరిగి, వీపు నిమిరి, పళ్లు చూసి, ఎంతకిచ్చారని అడిగింది. చెప్పాను. అమ్మ నన్ను గౌరవంగా చూడడం పుట్టాక అదే మొదటిసారి. "ఇన్నొద్దులకు బుద్ధొచ్చింది" అంది. నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. నెల తిరిగేసరికి మా వీధిలో పాలన్నీ మల్లమ్మవే. హెడ్మాస్టరు ఇంటికి రోజూ లీటరు నేనే పోసి వచ్చేవాడిని, ఆ జ్వరం సంగతి పైకి పొక్కకుండా.

కండక్టరు మాట తప్పలేదు. నెలకోసారి వచ్చేవాడు. మల్లమ్మ పక్కన నిలబడి కన్నడంలో ఏదో ముచ్చట పెట్టేవాడు. అమ్మ చాయ్ ఇచ్చేది. నేను ఆయన మణికట్టుకు ఎదురుగా కూర్చునేవాడిని. అలా ఏడాది గడిచాక ఒకరోజు ఇక ఆగలేక, తలవంచుకుని మొత్తం చెప్పేశాను.

ఆయన చాయ్ ఊదుకుంటూ విన్నాడు. "నాకెరుకే" అన్నాడు. "బర్రె కొననీకి వచ్చినోడు బర్రె నోట్లకు చూస్తడు. నువ్వు నా చేతి దిక్కు చూస్తుంటివి."

"మరి ఎందుకమ్మినవ్ నాకు?"

"నాకు బర్రెను అమ్మేదుండె."

"గడియారం కావాలని సీదా అడిగితే ఇస్తుంటివా?"

"ఎందుకిస్త? ఇయ్యకపోదును" అన్నాడు. "గని రొట్టె పెట్టి, చాయ్ తాపి పంపుతుంటి. బర్రెనైతే అంటగట్టకపోదును."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వడం అయ్యాక ఆయన గడియారం విప్పి నా చేతికి కట్టాడు. "చాయ్ అయ్యేదాక పెట్టుకో" అన్నాడు. పెట్టుకుని ఫొటో తీశాను, గ్రూపులో పెట్టాను. అరగంటకే ఒక పెద్దాయన రాశాడు: బిళ్ల మీద మళ్లీ రంగు వేశారు, దీనికి విలువ లేదు అని. జవాబు రాయబోయి, రాసింది చెరిపేసి, గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. కండక్టరు ఆ రోజు రెండో చాయ్ కూడా తాగాడు. నాకోసమే అయ్యుంటుంది.

ఆ తర్వాత ఆ దంపతులు బీదర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. గడియారం కూడా ఆయన చేతితోనే వెళ్లింది. పండక్కి ఫోను చేస్తారు. ఆవిడ ముందు బర్రె క్షేమం అడుగుతుంది, తర్వాత అమ్మది, చివర నాది. నాకిప్పుడు కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. బడికి వేళకే వెళుతున్నాను. అప్పుడప్పుడూ ఆ ఇరవై ఆరేళ్ల పంతులును ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని, 'ఏది కావాలనుకుని వచ్చావో అదే అడగరా బాబూ, పోయేదేముంది' అని చెప్పాలనిపిస్తుంది. వాడు మర్యాదగా వింటాడు, నాకు తెలుసు. తల కూడా ఊపుతాడు. తర్వాత లేచి, చొక్కా దులుపుకుని, నేరుగా వెళ్లి ఒక దున్నపోతును కొనుక్కొస్తాడు.