అడ్డంటే పడని దామోదర్ బావ

మా దామోదర్ బావకు అడ్డు అంటే పడదు. గేటు, గొళ్ళెం, తాడు, బారికేడ్, "లోనికి రాకూడదు" అన్న బోర్డు, ఏదైనా సరే. మిర్యాలగూడలో ఆయనకు బియ్యం మిల్లు ఉంది. దానికి గేటు లేదు. ఉన్న గేటును తనే పీకించి పాత ఇనుము కింద అమ్మేశాడు.

"సరుకు గానీ మనిషి గానీ ఎటు పోదల్సుకుంటే అటు పోవాలె బామ్మర్దీ. నడుమ ఆపనీకి మనమెవరం? అన్నీ మార్కెట్ చూసుకుంటది."

మార్కెట్ సంగతేమో గానీ ముందు బర్రెలు చూసుకున్నాయి. మొదటి వారంలోనే రెండు బస్తాల తవుడు మేసిపోయాయి. వాటిని తోలింది నేనే. నేనాయన బామ్మర్దిని, పేరు సందీప్, ఆ మిల్లుకు సూపర్‌వైజర్‌ని. అంటే ఆయన ఉపన్యాసాలు వినడానికి జీతం తీసుకునేవాణ్ణి.

ఇంట్లో మా అక్క రంగనాయకమ్మ ఈ సిద్ధాంతాన్ని గడప దాటనివ్వదు. బావకు షుగర్. అందుకని చక్కెర డబ్బాకు తాళం వేసింది.

"ఏందే ఇది? ఇంట్ల సరుకు మీద ఆంక్షలా?"

"ఔ. సప్పుడు చేయకుండ చాయ్ తాగుండ్రి."

సూర్యాపేటలో మా బాబాయ్ కూతురు వర్షిణి పెళ్ళయ్యాక ఇంకో ముచ్చట. పెళ్ళికొడుకు ఇంటి గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడ్డారు. ఒకరి పేరు ఒకరు చెప్తేనే గదా జంటను లోపలికి రానిస్తారు! బావ ముందుకు దూసుకెళ్ళి, "రాకపోకలకు అడ్డు పడొద్దు, జరుగుండ్రి!" అని అరిచాడు. ఆ పిల్లలు ఆయన్నే పట్టుకొని, అందరి ముందూ మా అక్క పేరు మూడుసార్లు చెప్పించి గానీ వదల్లేదు.

ఆంధ్ర నుంచి వచ్చే వడ్ల లారీలను కోదాడ అవతల సరిహద్దులో ఆపుతున్నారని తెలిసిన రోజు ఆయనకు అన్నం సయించలేదు. కారేసుకొని వెళ్ళి చెక్‌పోస్టు కానిస్టేబుల్‌కు అరగంట సేపు హితబోధ చేశాడు. అతనెంతో ఓపిగ్గా విన్నాడు.

"బాగా చెప్పారండి. ఇంతకీ ఈ లారీల్లో మీదేదండి?"

"నాదేం లేదు. నాది సిద్ధాంతం."

"అయితే దాన్ని కాస్త పక్కన పెట్టుకోండి సార్. ట్రాఫిక్ ఆగిపోతోంది."

ఇదంతా నవ్వులాట. పోయిన యాసంగి పంట కాలంలో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

కోతలన్నీ ఒక్కసారే పడ్డాయి. మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు కిలోమీటరు పొడవున నిలిచిపోయాయి. బస్తాలు మోసే జవహర్ ముఠాలో ఉన్నది ఇరవై మందే. వాళ్ళతో పని తెమలడం లేదని బావ పద్నాలుగు మంది బీహార్ వాళ్ళను రప్పించాడు. నాలుగో రోజు పొద్దున జవహర్ పని ఆపేశాడు. గేటు పీకేసిన చోట అడ్డంగా తాడు కట్టి, దాని ముందు ముఠానంతా కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. హాలియా నుంచి వచ్చిన నర్సమ్మ తన ట్రాక్టర్ మీద కప్పే టార్పాలిన్ పట్టా లేక, కొంగుతో వడ్లు కప్పబోయి ఏడుస్తోంది. "కౌలు చేను బిడ్డా, తడిస్తే ఖతం," అంటోంది. బీహార్ వాళ్ళు తవుడు గది గోడకు ఆనుకొని గుంపుగా నిలబడ్డారు. మా వాళ్ళ చేతుల్లో బస్తాలు లాగే ఇనుప కొక్కేలున్నాయి. వాళ్ళ చేతుల్లోనూ ఉన్నాయి. నాకు నిజంగా భయమేసింది.

బావ తాడు దగ్గరికి వచ్చాడు.

"జవహర్, తాడు ఇప్పు."

"ఇప్ప. అన్ని మిల్లులల్ల వీళ్ళు సగం కూలికే మోస్తున్నరు సేటు. రేపు మమ్ముల ఎవలు పిలుస్తరు? గీ ఇరవై ఇండ్ల పొయ్యి ఎట్ల అంటుకుంటది?"

"పోటీ ఉండాలె జవహర్. మార్కెట్ అంటేనే..."

"పోటీయా! మొన్న కర్ణాటకోళ్ళు ఎక్కువ ధర పెట్టి వడ్లు కొంటుంటే, ఆళ్ళను ఆపుమని మీ మిల్లులోళ్ళే గద దరఖాస్తు పెట్టింది?"

"నేను సంతకం పెట్టలే!"

"మీరొక్కరు పెట్టలే. వడ్లకేమో అడ్డు కావాలె, మా కూలికి మాత్రం అడ్డు వద్దా?"

బావ ఆకాశం వైపు చూశాడు. ఆయన ఉపన్యాసం మధ్యలో ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. ఇంతలో రెండు చినుకులు రాలాయి. నర్సమ్మ కేక పెట్టింది. ముఠాలో ఒకడు కొక్కెం పట్టుకొని లేచాడు. అవతల బీహార్ వాళ్ళూ కదిలారు.

అప్పటిదాకా కళ్ళంలో గింజలు ఊడుస్తున్న జవహర్ భార్య సుక్కి చీపురు పడేసి రెండు గుంపుల నడుమకు వెళ్ళింది. లంబాడీ కొంతా హిందీ కొంతా కలిపి బీహార్ వాళ్ళను గట్టిగా ఏదో నిలదీసింది. వాళ్ళు భయం భయంగా బావ వైపు చూశారు. ఆమె వదల్లేదు. చివరికి ఒక పెద్దాయన తల దించుకొని జవాబు చెప్పాడు.

సుక్కి వెనక్కి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"బస్తాకు మనకెంతనో వాళ్ళకూ అంతే ఇస్తున్నడట."

"అబద్ధం!"

"సగం కూలికే వీళ్ళను తెస్తనన్న మేస్త్రీని సేటు ఎల్లగొట్టిండట. ఎవ్వలికి చెప్పొద్దని వీళ్ళతోని ఒట్టు కూడ పెట్టించుకున్నడట."

అందరూ బావ వైపు తిరిగారు. ఆయన దొంగతనం చేసి దొరికిపోయిన వాడిలా చెమటలు తుడుచుకుంటున్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గద బావా!" నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెప్తే ఇన్నేండ్ల సంది నేను చెప్పిన మార్కెట్ ఏమైతది బామ్మర్దీ?" అన్నాడు గొంతు తగ్గించి. "సగానికి తెస్తే జవహర్ పిల్లలు ఏం తింటరు? వీళ్ళకు సగమే ఇస్తే వీళ్ళ పిల్లలు ఏం తింటరు? గిదంతా మీటింగులల్ల చెప్పే ముచ్చటనా?"

జవహర్ తాడు విప్పాడు. "కూలి ఒక్కటే అయినంక మాకేం భయం? ముందు నర్సమ్మ ట్రాక్టర్ కానీయుండ్రి!" అని ముప్పై నాలుగు మందినీ ఉరికించాడు. భాష రాని వాళ్ళకు సైగలు, సైగలు అర్థం కాని వాళ్ళకు తిట్లు. వాన దంచికొట్టే వేళకు నర్సమ్మ వడ్లతోపాటు పన్నెండు ట్రాక్టర్ల వడ్లు షెడ్డులో పడ్డాయి. మిగిలిన వాటి మీద మిల్లులో ఉన్న పట్టాలన్నీ కప్పించాం.

తడిసి ముద్దయిన రెండు ముఠాలూ షెడ్డు కిందే కూర్చున్నాయి. జవహర్ బీహార్ పెద్దాయనకు బీడీ అంటించి బావ దగ్గరికి వచ్చాడు.

"సేటు, ఒక్క మాట. ఇగ వీళ్ళు మా ముఠానే. వచ్చే సీజన్‌కు వీళ్ళనే పిలువాలె. వేరే కొత్తోళ్ళు ఎవలన్న వస్తే మాత్రం లోపలికి రానియ్యం!"

బీహార్ పెద్దాయనకు ఎంత అర్థమైందో గానీ, అతనూ ఔనౌనని గట్టిగా తల ఊపాడు. దామోదర్ బావ, విప్పి పడేసిన తాడు వైపు ఓసారి చూశాడు. చివరికి పొట్ట పట్టుకొని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.