నెత్తి మీద చెయ్యి

ఫోన్ చేసింది ఫైట్ మాస్టరే. జూబ్లీ హిల్స్‌లో ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు పాత స్టంట్ మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారని, విమానానికి బయట వేలాడి చేసిన షాట్ల గురించి చెప్పాలని, నువ్వు లేకపోతే ముచ్చటే ఉండదని అన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన్ని గురించి ‘అన్నారు’ అనే తప్ప ‘అన్నాడు’ అని ఎవరి దగ్గరా అనలేదు. ఇప్పుడు ఆ ‘రు’ రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను పద్దెనిమిదేళ్ళు హీరోయిన్లకి డూప్‌గా చేశాను. గుర్రం మీంచి పడ్డాను, అద్దాల్లోంచి దూకాను, విమానంలోంచి పారాచూట్‌తో పదకొండుసార్లు దూకాను. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఒక హాల్లో కొత్తగా వచ్చే అమ్మాయిలకి పడడం నేర్పుతున్నాను. పడడమంటే, ఎముక విరక్కుండా పడడం.

ఆ రోజు ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చెక్‌పోస్ట్ దగ్గర దిగి ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. పెద్ద బంగళా, కింది అంతస్తులో వాళ్ళ స్టూడియో. మాస్టర్ అప్పటికే భోజనం దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కన పారాచూట్ సార్. ఆయన మిలటరీలో పారాచూట్ దళంలో పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడికొచ్చి సినిమావాళ్ళకి దూకడం నేర్పిన మనిషి. నాకు గాల్లో కళ్ళు తెరిచి ఉంచడం నేర్పింది ఆయనే. ఇద్దరి కాళ్ళకీ దండం పెట్టాను. మాస్టర్ ఎడమచెయ్యి నా తల మీద పెట్టి కుడిచేత్తో మటన్ బొక్కని పళ్ళెం అంచుకేసి కొట్టి, మూలుగ జుర్రుకున్నాడు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

యాంకర్ ముప్పై ఏళ్ళ అమ్మాయి, మర్యాదస్తురాలే. మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా కూర్చోబెట్టి కాలర్లకి మైకులు తగిలించింది. మాస్టర్ మొదలుపెట్టాడు. హెలికాప్టర్ కాలు పట్టుకుని వేలాడుతుంటే పంచె ఊడి ఎగిరిపోయిన ఫైటర్ కథ, విమానం రెక్క మీద నిలబడ్డాక దిగడానికి భయపడి పైలట్‌ని బూతులు తిట్టినవాడి కథ. ఈ కథలు మాకు కొత్త కాదు. చెప్పినప్పుడల్లా కాస్త పెరుగుతాయి, మేం నవ్వుతాం. సార్ మాత్రం అడిగిన దానికి ఒకటి రెండు మాటలు చెప్పి ఊరుకున్నారు.

తర్వాత మాస్టర్ నా కథ ఎత్తుకున్నాడు.

అది ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఊరి బయట పాత రన్‌వే మీద షూటింగ్. చిన్న విమానం, రెక్క పైన ఉంటుంది. దాన్ని మోస్తూ ఒక ఏటవాలు కమ్మీ. నేను హీరోయిన్ పసుపు చుడీదార్ వేసుకుని, చక్రం మీదున్న చిన్న మెట్టు మీద నిలబడి ఆ కమ్మీ పట్టుకోవాలి. వీపు మీద కనిపిస్తుందని ఈ షాట్‌కి పారాచూట్ లేదు. బట్టల కింద నడుముకి బెల్టు, బెల్టుకి తాడు. తాడు కొస విమానం లోపల అడుగున కట్టేసి ఉంది, మధ్యలో సార్ చేతుల్లో ఉంది. తలుపు తీసేసిన చోట సార్, ఆయన వెనక కెమెరా, కెమెరా పక్కన మాస్టర్. ముందే అనుకున్నాం: ఏదైనా తేడా వస్తే నేను ఎడమ అరచెయ్యి నెత్తి మీద పెట్టుకోవాలి. పెట్టుకున్న వెంటనే లోపలికి లాగెయ్యాలి.

రెండో చుట్టులో బెల్టు పైకి జారి రొమ్ముల కింద బిగుసుకుంది. ఊపిరి బయటికి పోతోందే గానీ లోపలికి రావడం లేదు. ఇంజన్ నుంచి నూనె సన్నటి తుంపరలా వచ్చి పెదాల మీద, పళ్ళ మీద అట్ట కట్టింది. కక్కుకున్నాను. ఆ గాలికి కక్కింది కిందికి పోదు, మొహం మీదికే వస్తుంది. కళ్ళల్లోకి వచ్చింది. చెయ్యి నెత్తి మీద పెట్టుకున్నాను. తియ్యలేదు. ఎవరూ లాగలేదు. విమానం వంగి మళ్ళీ ఒక చుట్టు మొత్తం తిరిగింది.

దిగాక చూస్తే పక్కటెముక విరిగింది. మాస్టర్ విమానంలోంచి దూకి నా దగ్గరికి వచ్చాడు. కెమెరా చూసుకుంటున్నానమ్మా, నీ చెయ్యి చూడలేదు, అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నమ్మాను. ఆ గాలిలో సార్ కూడా చూసి ఉండరనుకున్నాను. సినిమా ఆడినప్పుడు ఆ చెయ్యి, హీరోయిన్ ఎగిరే జుట్టుని పట్టుకున్నట్టు కనిపించింది. హాలంతా ఈలలు. నేను కూడా చప్పట్లు కొట్టాను. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి పిలుపు మాస్టర్‌కే.

ఆ మాస్టర్ ఇప్పుడు మైకు ముందు ఇలా చెప్పాడు. “ఈవిడ చెయ్యి నెత్తి మీద పెట్టింది. అంటే లాగెయ్యమని. నేను చూశాను. వెలుతురు పోతోంది, మళ్ళీ విమానం దొరకదు. సార్ లాగబోతుంటే భుజం నొక్కి కూర్చోబెట్టా, పైలట్‌ని ఇంకో రౌండ్ కొట్టమన్నా. ఈవిడ కక్కుకుంటూనే పోజిచ్చిందండీ.”

యాంకర్ నవ్వింది. కెమెరా వెనకున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. సెట్లో మాస్టర్ నవ్వితే నవ్వాలి, పద్దెనిమిదేళ్ళ అలవాటు. మాటలు బుర్రలోకి ఎక్కేలోపే నోరు నవ్వేసింది.

ఆ తర్వాత ఎక్కాయి.

సెట్లలో నేనెప్పుడూ వాళ్ళలాగే, కోస్తా వాళ్ళలాగే మాట్లాడేదాన్ని. ఆ క్షణాన మా ఇంటి మాట వచ్చేసింది. “నా చెయ్యి చూడలేదని చెప్పిన్రు గద మాస్టారూ. చూసిన్నని ఆ దినమే ఎందుకు చెప్పలే?”

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. “అప్పుడు చెబితే ఏడ్చేదానివి కదమ్మా. ఇప్పుడు చూడు, నవ్వుతున్నావు.”

సార్ వైపు చూశాను. ఆయన మంచినీళ్ళ గ్లాసు మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీస్తున్నారు. అంటే ఆయనకీ తెలుసు. ఇరవై ఏళ్ళూ తెలుసు. ఆస్పత్రికి పళ్ళు తెచ్చినప్పుడు తెలుసు, మాస్టర్ కాళ్ళకి నేను దండం పెట్టినప్పుడల్లా పక్కనే నిలబడి చూస్తున్నప్పుడు తెలుసు.

మైకు ఊడదీసి బల్ల మీద పెట్టి, ఈ భాగం తీసెయ్యమని యాంకర్‌ని అడిగాను. చూద్దాం మేడమ్, ఎడిటింగ్‌లో చూద్దాం అంది. బాత్రూంలోకి వెళ్ళి నోరు పుక్కిలించాను. అయిదారుసార్లు పుక్కిలించినా పళ్ళ మీద ఏదో జిడ్డు ఉన్నట్టే ఉంది. తిరిగి ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కాలేదు, అట్నుంచి అటే వచ్చేశాను.

వారం తర్వాత మా హాల్లో అమ్మాయిలు సంబరంగా ఫోన్ చూపించారు. అక్కా, మీ వీడియో లక్షల మంది చూస్తున్నారు అని. ఒక నిమిషం ముక్క. మాస్టర్ ‘కక్కుకుంటూనే పోజిచ్చిందండీ’ అంటాడు, వెంటనే నా మొహం, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. నా ప్రశ్న లేదు, ఆయన జవాబు లేదు. కింద నవ్వే బొమ్మలు, లెజెండ్స్ అని పొగడ్తలు. నా మొహం చూస్తే నాకే రోత పుట్టింది. మాస్టర్‌ని చూసినప్పుడు కూడా అంత అసహ్యం వెయ్యలేదు.

ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. కొత్తది, రెండు నెలలుగా వస్తోంది. “గంత జరిగితే మీకు నవ్వెట్ల వచ్చింది అక్కా?” అని అడిగింది. అలవాటు, అని చెప్పాను. ఇంకేం చెప్పను? ఆ రోజు వాళ్ళకి ఏమీ నేర్పలేకపోయాను, పంపించేశాను.

మాస్టర్ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మూడోసారి వేరే నంబర్ నుంచి చేస్తే తెలియక ఎత్తాను. ఎక్కడో సన్మానం పెడుతున్నారట, ఇద్దర్నీ స్టేజీ మీద కూర్చోబెడతారట. నేను రానని, ఇక నాకు ఫోన్ చెయ్యొద్దని చెప్పాను. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. “ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?” అన్నాడు.

సార్ ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చారు. మూడంతస్తులు మెట్లెక్కి, ఆయాసపడుతూ, చేతిలో ఆపిల్ పళ్ళ సంచీతో. లోపలికి రమ్మన్నాను, టీ పెట్టాను. చాలాసేపు వాతావరణం గురించి, ఎర్రగడ్డ ట్రాఫిక్ గురించి మాట్లాడారు. పక్కటెముక ఇంకా నొప్పి చేస్తుందా అమ్మా అని అడిగారు. చలికాలం చేస్తుంది అన్నాను.

“తాడు మీ చేతులనే ఉండె గద సార్. ఎందుకు గుంజలే?”

ఆయన కప్పులోకి చూస్తూ, “ఒక్క రౌండే కదా అనుకున్నానమ్మా” అన్నారు.

అంతకంటే ఏమీ లేదు. బెదిరింపు లేదు, భయం లేదు, ఒక్క రౌండే కదా. గాల్లో నేను ఎవరి చేతుల్ని నమ్మి కాలు బయట పెట్టానో ఆ చేతులు ఇప్పుడు నా కప్పు పట్టుకుని ఉన్నాయి. లాక్కోవాలనిపించింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి, లాక్కోలేదు.

పర్లేదు సార్ అని నేను అంటానని ఆయన ఎదురుచూశారు. నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన మాత్రం టీ చివరి చుక్క దాకా తాగి, సంచీ బల్ల మీదే వదిలేసి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళారు.