ఎలుకల గదిలో చిమ్మిలి

1962 జూలైలో నన్ను గుంటూరులోని ఒక వైద్య కళాశాల అనాటమీ విభాగంలో డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. హోదాలో అది లెక్చరరుకు కింద, టెక్నీషియనుకు పైన. నేను వైద్యుణ్ణి కాను, జంతుశాస్త్రం చదివినవాణ్ణి. ఉదయం విద్యార్థులకు స్లైడులు చూపించడం, మధ్యాహ్నం పరిశోధన చేసేవారికి కణజాలం కోసి ఇవ్వడం నా పని. నల్లపాడు నుంచి సైకిలు మీద వచ్చేవాణ్ణి. ఆదివారాలు మా సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి గనుక విభాగంలో కొందరు నన్ను పాస్టరు గారూ అని పిలిచేవారు. నాకు అభ్యంతరం ఉండేది కాదు.

అప్పట్లో డాక్టర్ రుక్మిణి గారు అక్కడ ఎం.ఎస్. సిద్ధాంత వ్యాసం మీద పని చేస్తున్నారు. చీరాలలో మగ్గాల మీద బతికే కుటుంబంలో మొదటి డాక్టరు ఆమె. ప్రభుత్వం ఇచ్చిన చదువు సెలవు ముగిసేలోగా వ్యాసం సమర్పిస్తే విభాగంలో ఖాళీగా ఉన్న లెక్చరరు పోస్టు ఆమెకు వస్తుంది. లేకపోతే వెనక్కి తాలూకా ఆసుపత్రికి వెళ్ళాలి.

యుక్తవయసులో ఒళ్ళు మారుతుందని అందరికీ తెలుసు. ఆ మార్పుకు ఆజ్ఞ వెళ్ళేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం నుంచి. ఆజ్ఞ ఇచ్చే ఆ భాగం తాను కూడా మారుతుందా? రుక్మిణి గారి ప్రశ్న ఇదే. జవాబు ఆడ ఎలుకల్లో వెతకాలని నిర్ణయమైంది. ఆడ ఎలుకకు ఈడు వచ్చిందనడానికి పైకి కనిపించే గుర్తు ఒకటుంది. అంతవరకు సన్నని పొరతో మూసుకుని ఉండే యోని ద్వారం తెరుచుకుంటుంది. ఆ గుర్తు కనిపించిన ఎలుకను ఒంటరిగా వేరే బోనులోకి మార్చి, కొంతకాలం తరువాత దాని మెదడును దాదాపు అదే వయసుండి ఈడు రాని ఎలుక మెదడుతో పోల్చేవాళ్ళం.

ఎలుకను మత్తిచ్చి చంపే ఈథరు సీసా మూత తీసే ముందు నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థించేవాణ్ణి. ప్రాణం ఇచ్చినవాడితో ఆ మాట చెప్పకుండా ప్రాణం తీయకూడదని నా నమ్మకం. రుక్మిణి గారు అంతవరకు ఆగేవారు. తరువాత మెదడు తీసి, తూచి, ఫార్మలిన్‌లో గట్టిపరచి, ఆల్కహాలుతో నీరు లాగేసి, మైనంలో పోత పోసేవాళ్ళం. ఆ మైనపు దిమ్మను మైక్రోటోము అనే కోతయంత్రం మీద పలుచటి పొరలుగా కోయాలి. గుంటూరు ఎండలకు మైనం మెత్తబడి పొరలు ముడుచుకుపోయేవి. సోడా కొట్టు నుంచి ఐసు గడ్డ తెప్పించి దిమ్మకు ఆనించి కోసేవాణ్ణి. రంగు వేసిన పొరల్లో కణాల కేంద్రకాలను సూక్ష్మదర్శినికి బిగించిన అద్దం సాయంతో కాగితం మీద గీసి కొలిచేవాళ్ళం.

ఫలితం చక్కగా వచ్చింది. ఈడు వచ్చిన ఎలుకల మెదడు బరువు ఎక్కువ, కేంద్రకాలు పెద్దవి. ఆమె పని పర్యవేక్షించే మా విభాగం ప్రొఫెసరు గారు సంతోషించారు. సృష్టికర్త ఏర్పరచిన క్రమం గాజు పలక మీద కనబడినందుకు నేనూ సంతోషించాను.

వ్యాసం టైపుకు ఇవ్వబోయే వారంలో, ఒక ఉదయం ఎలుకల గదిలోకి వెళ్ళేసరికి నువ్వులు దంచిన వాసన వచ్చింది. ఎలుకలకు మేత వేసే వెంకమ్మ పెదకాకాని మనిషి. ఈడు వచ్చిన ఎలుకల బోన్లలోకి ఉండలు చిదిపి వేస్తోంది.

"అదేంటి వెంకమ్మా?"

"చిమ్మిలయ్యా. నువ్వులూ బెల్లమే, ఇంకేం కలపలా."

"ఎలుకలకా?"

"ఈడేరిన పిల్లకి ఉత్త నూకలేస్తే నడుం నిలబడద్దా? వేరేగా కూర్చోబెట్టమంది డాక్టరమ్మే గదా. కూర్చోబెట్టినాక చిమ్మిలి పెట్టరా ఏంది? మీవోళ్ళల్లో పెట్టరేమోలే."

మా వాళ్ళలోనూ పెడతారని చెప్పి రుక్మిణి గారిని పిలుచుకొచ్చాను.

ఎప్పటి నుంచి పెడుతున్నావని ఆమె అడిగారు. "మొదటి ఎలక కాడ నించీనమ్మా. ఎలకలు నిగనిగలాడతన్నాయని తమరే మురిశారు గదా, తెలిసే అనుకున్నా" అంది వెంకమ్మ. రుక్మిణి గారికి నవ్వాగలేదు. ఆ తరువాత స్టూలు మీద కూర్చుండిపోయారు.

సంగతి స్పష్టమే. ఈడు రాని ఎలుకలు గుంపుగా ఉండి నూకలూ తవుడూ తిన్నాయి. ఈడు వచ్చినవి ఒంటరిగా ఉండి నువ్వులూ బెల్లమూ తిన్నాయి. మెదడులో మేము చూసిన తేడా ఈడు వల్లనా, తిండి వల్లనా, ఒంటరితనం వల్లనా? మా పొరలు చూసి ఎవరూ చెప్పలేరు.

ప్రొఫెసరు గారు సంగతంతా విని, ఎలుకలకు నువ్వులుండ పెట్టారా అని ఏ పరీక్షకుడూ అడగడమ్మా, టైపుకు ఇచ్చెయ్యి అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ పోస్టు ఆమెకే రావాలన్నది ఆయన కోరిక.

సాయంత్రం రుక్మిణి గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "దేవదానం గారూ, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు. ప్రార్థించి రేపు చెబుతానన్నాను. "ప్రార్థన నా కోసం చేయండి. ఏం చేయాలో నాకు తెలుసు. ఆ మాట ఎవరితోనైనా పైకి అనాలి, అందుకే వచ్చాను" అన్నారు. పాత కొలతలన్నీ పక్కన పెడుతున్నానని ఆ మర్నాడు ప్రొఫెసరు గారికి రాతపూర్వకంగా ఇచ్చారు.

ప్రయోగం మళ్ళీ మొదలైంది. ఈసారి ఈడు వచ్చినవీ రానివీ అన్నీ ఒంటరి బోన్లలోనే, మేత అన్నిటికీ ఒకటే. వెంకమ్మ చెప్పినట్టే చేసింది గానీ, మేత వేసినప్పుడల్లా "ఉత్త నూకలతో ఈడేరావంట, ఏం పుటకే నీది" అని బోనుతో మాట్లాడేది. ఈ దఫా మెదడు బరువులో తేడా కనిపించలేదు. హైపోథాలమస్‌లో ఒక చిన్న చోట మాత్రం కేంద్రకాలు ఈడు వచ్చిన ఎలుకల్లో పెద్దవిగానే ఉన్నాయి. మూడు అధ్యాయాల ఫలితం ఒక అధ్యాయానికి తగ్గింది.

ఈలోగా సెలవు ముగిసింది. లెక్చరరు పోస్టు వేరొకరికి వెళ్ళింది. రుక్మిణి గారు తాలూకా ఆసుపత్రిలో చేరి, సెలవు దొరికినప్పుడల్లా గుంటూరు వచ్చి వ్యాసం పూర్తి చేశారు. డిగ్రీ వచ్చింది. బోధన ఉద్యోగం ఆమెకు మళ్ళీ రాలేదు.

ఆ తరువాత నా సర్వీసంతా, పరిశోధనకు వచ్చిన ప్రతివారినీ పొరలు కోసి ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడిగాను: మీ జంతువులకు మేత వేసేది ఎవరు, వారితో మాట్లాడారా? దేవుడు పెట్టిన మార్పు ఒకటి, మనుషులు తెచ్చిపెట్టిన మార్పు మరొకటి. సూక్ష్మదర్శిని కింద రెండూ ఒకేలా ఉంటాయి. వాటిని విడదీయవలసింది పొర కోయకముందే.