తెల్ల రుమాలు

మా సీనియర్ లాయరు తెల్ల రుమాలు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరవైల్లో, లా చదివే రోజుల్లో, సెలవులకి ఆయన వెంట తెనాలి, బాపట్ల, రేపల్లె మిల్లులు తిరిగి, దెబ్బలు తగిలిన కూలీలకు నష్టపరిహారం అర్జీలు ఊరికే రాసిపెట్టేవాళ్లం. ఆయన అర్జీ మొత్తం చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, ఆ వేలికంటిన సిరా తన రుమాలుతో తుడిచేవాడు.

రేపల్లె మిల్లు బెల్టులో కుడిచెయ్యి పోయిన కూలీ అర్జీ కూడా ఆయన రాసిందే. తీరా విచారణనాడు ఆయనే నల్లకోటుతో మిల్లు యజమాని తరఫున లేచాడు. "దెబ్బ మిల్లులో తగల్లేదని ఇతనే ఒప్పుకున్నాడండి," అంటూ వేలిముద్ర ఉన్న కాగితం అందించాడు.

బయటికొచ్చాక, "చదివించుకోకుండా వేలెలా పెట్టావు బాబాయ్?" అని కూలీ మీద అరిచాను.

"మన బాబే కదండీ, అర్జీ కాగితమే అనుకున్నా. అప్పట్లాగే వేలు కూడా తుడిచాడండి."