మచ్చలున్నవాళ్ళే లోపలికి

నా చిన్నతనంలో పెనుకొండలో మా ఇంట్లో అద్దం ఉండేది కాదు, సహోదరులారా. ఉన్న ఒక్క అద్దాన్నీ మా నాయన ఎవరికో ఇచ్చేశాడు, ఎందుకంటే నాకు మశూచి పోసింది, ఊళ్ళో అమ్మవారు అంటారే, అదే, తగ్గేసరికి నా మొహమంతా గుంటలు పడిపోయింది, అది నా కంట పడకూడదని ఆయన అనుకున్నాడు. అద్దం లేకపోతేనేం, ఎదుటివాళ్ళ కళ్ళు ఉన్నాయి కదా! బడిలో పక్కన కూర్చున్న పిల్ల కొంచెం జరిగి కూర్చునేది, దారిన పోయే ఆడవాళ్ళు అయ్యో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఒకసారి తలుపుల అనే ఊరి నుంచి నన్ను పెళ్ళిచూపులు చూడడానికి వచ్చినవాళ్ళు మజ్జిగ తాగి, మా పెరట్లో మునగచెట్టు బాగా కాసిందని మెచ్చుకుని, నా గురించి ఒక్క మాటా అనకుండా లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నుంచే కొంగు మొహం మీదికి లాక్కోవడం అలవాటు చేసుకున్నాను.

నేను ప్రార్థన చేయలేదనుకోకండి. "ప్రభువా, ఈ మచ్చలు తీసేయి, నేను ఇంకేమీ అడగను" అని మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా అడిగేదాన్ని. కొన్నేళ్ళు అడిగాను, తర్వాత విసుగు వచ్చింది, తర్వాత అడగడమే మానేశాను. చర్చికి పోయినా వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఆఖరి పాట అయిపోకముందే బయటపడేదాన్ని.

అమ్మా నాయనా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక నన్ను మా అన్న సామ్యేలు హిందూపురం తీసుకువచ్చాడు. ఆయనకు చింతపండు మండీలో పని. మా వదిన కరుణమ్మ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. అయితే ఆమె కడుపుతో ఉన్నప్పుడు, పొద్దున్నే దీనమ్మ మొహం, అంటే నా మొహం, చూడవద్దు, బిడ్డకు తగులుతుందని వాళ్ళమ్మ చెప్పి పోయింది, ఆ భయం ఆమెను పట్టుకుంది. ఆడపిల్ల పుట్టింది, ఎస్తేరు అని పేరు పెట్టారు, ఎంత ముద్దుగా ఉండేదో! నేను ఆ పిల్లకు సంకటి కెలికాను, గుడ్డలు ఉతికాను, ఉయ్యాల తాడు బిగించాను, ఎత్తుకోవడం మాత్రం నా వంతుకు రాలేదు. ఆ పిల్ల నన్ను ముసుగత్త అని పిలిచేది. వెనక వసారాలో పడుకుని, ఆ పిల్ల నవ్వు గోడ అవతల నుంచి వింటూ, నన్ను ఎందుకు బతికించావు ప్రభువా అనుకునేదాన్ని.

ఎస్తేరుకు మాటలు బాగా వచ్చిన ఏడు, ఎండలు ముదిరే రోజుల్లో హిందూపురం చుట్టుపక్కల మశూచి లేచింది. గుమ్మాలకు వేపాకులు వేలాడాయి, సంత మూతపడింది. టీకాలు వేసేవాళ్ళు మా వీధికి వచ్చిన రోజున, మండీ నుంచి వస్తూనే అన్న వేయించుకున్నాడు, వదిన మాత్రం బిడ్డను చంకన వేసుకుని కట్టెల గదిలో దాక్కుంది. ఆ రోజుల్లో అట్లా దాక్కోని ఇల్లు ఏది, చెప్పండి? కొన్నాళ్ళకే ఎస్తేరుకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది, నడుము నొప్పి అని ఏడ్చింది, తర్వాత నుదుటి మీద పొక్కులు కనిపించాయి.

ఊరి బయట తడికలతో షెడ్లు వేసి పిల్లలకని ఆసుపత్రి పెట్టారు. ఎద్దుల బండిలో పరుపు వేసి బిడ్డను అక్కడికి తీసుకుపోయాం. గేటు దగ్గర ముసలి కాంపౌండరు ఒకాయన నిలబడి వచ్చిన తల్లిదండ్రులందరికీ కట్టుబాట్లు చెబుతున్నాడు. బిడ్డకు తోడు ఒక్కరే ఉండాలి, ఆడవాళ్ళే ఉండాలి, లోపలికి పోయినవాళ్ళు బిడ్డకు పొక్కులన్నీ ఎండి రాలేదాకా బయటికి రాకూడదు, బయట నుంచి తెచ్చిన కూడు సున్నం గీత దగ్గర పెట్టి వెనక్కి పోవాలి, లోపలి గుడ్డ ఏదీ బయటికి రాకూడదు. ఇవన్నీ వదిన తల ఊపుతూ విన్నది. ఆఖరున ఆయన చెప్పిన ఈ మాట వినేసరికి మాత్రం ఆమె బండి చక్రం పట్టుకుని కూలబడిపోయింది.

"ఒకసారి అమ్మ పోసి తగ్గినోళ్ళయినా కావల్ల, టీకా పడినోళ్ళయినా కావల్ల. నీకు రెండూ లేవు తల్లీ, లోపలికి రాకూడదు."

"నా బిడ్డప్పా! కన్నతల్లిని నన్నే వద్దంటావా?"

"నీ మేలుకే చెప్తాండా. నీకు ఈ పొద్దే టీకా వేస్తాం, ఇంటికాడ జాగ్రత్తగా ఉండు. నువ్వూ పడితే ఆ బిడ్డకు ఎవురుండారు? మీ ఇండ్లల్లో పోసి తగ్గినోళ్ళు ఎవురన్నా ఉండారా?"

అన్న నా వైపు చూశాడు. వదిన తల ఎత్తలేదు. నేను బండి వెనక నుంచి ముందుకు వచ్చి, పట్టపగలు, అంతమంది ముందు, కొంగు తీశాను. ఆ కాంపౌండరు నా మొహం చూసి అయ్యో అనలేదు, జాలిపడలేదు, ఆయన మొహం వెలిగిపోయింది! "చాలమ్మా, చాలు. నువ్వు రావచ్చు" అన్నాడు. నా మొహం చూసి సంతోషపడిన మొదటి మనిషి ఆయన, ఆ సంతోషాన్ని నేను ఈనాటికీ మరిచిపోలేదు.

వదిన బిడ్డను నా చేతుల్లో పెట్టింది. పెట్టింది గాని వదలలేకపోయింది, ఇద్దరం కాసేపు అట్లాగే బిడ్డను పట్టుకుని నిలబడ్డాం. "సంకటి గట్టిగా ఉంటే మింగదు దీనమ్మా, పల్చగా చేయల్ల. పండుకునేటప్పుడు వీపు తట్టల్ల" అని ఏడుస్తూ చెప్పింది. ఆ సంకటి రోజూ చేసేది నేనే, అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నాను, తట్టుతానులే వదినా అన్నాను.

సహోదరీలారా, లోపలికి పోయి నేను చూసింది మీకు ఎట్లా చెప్పను! ఆ షెడ్డులో పిల్లల పక్కన కూర్చున్న ఆడవాళ్ళలో సగానికి పైగా మొహాలు నా మొహంలాంటివే. కన్నడం మాట్లాడే ఆమె ఒకతి, కనగానపల్లి కాపుల ఇంటామె ఒకతి, అందరికీ గుంటలే. లోకంలో అట్లాంటి చోటు ఒకటి ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నా పక్క చాప నాగమ్మవ్వది. ఆమెది ధర్మవరం, ఇంట్లో అందరూ పట్టు మగ్గాల మీద పనిచేసేవాళ్ళు, హిందూపురంలో ఉన్న కూతురింటికి వచ్చి, మనవడు శీనయ్యకు జబ్బు చేస్తే తోడుగా లోపలికి వచ్చింది. ఆమె అమ్మవారికి మొక్కుకునేది, నేను నా ప్రభువుకు మొరపెట్టేదాన్ని, ఆమె కాచిన గంజి ఎస్తేరు తాగేది, నేను కలిపిన ఎర్ర మందు నీళ్ళతో ఆమె చేతులు కడుక్కునేది. పొద్దు వాలే వేళ తల్లులూ తండ్రులూ సున్నం గీత అవతల వరుసగా నిలబడి పిల్లల పేర్లు పెట్టి పిలిచేవాళ్ళు, ఈవల నుంచి మేము "తిన్నాది! పండుకొనుండాది!" అని కేకలు వేసి చెప్పేవాళ్ళం. ఆ కేకలు, ఆ వేపాకు పొగ, తడికల సందుల్లోంచి పడే ఆ ఎండ తలుచుకుంటే ఈ రోజుకీ నా గుండె అటే లాగుతుంది.

ఎస్తేరుకు రోగం ముదిరింది. కళ్ళు వాచి మూసుకుపోయాయి, ఒళ్ళంతా పొక్కులు, నీళ్ళు మింగినా ఏడుపే. ఎవరు ఎత్తుకున్నారో కనిపించక నన్నే "అమ్మా, అమ్మా" అని పిలిచేది. నేను కాదనలేదు. వీపు తట్టుతూ, చాలా ఏళ్ళ తర్వాత నోరు తెరిచి అడిగాను: "ప్రభువా, నా మొహం సంగతి వదిలేశాను, ఇక ఆ మాట ఎత్తను. ఈ బిడ్డను వాళ్ళమ్మకు ఇవ్వు. ఆ శీనయ్యను కూడా నాగమ్మవ్వకు ఇవ్వు తండ్రీ."

దేవుడు ఒక బిడ్డను ఇచ్చాడు, ఒక బిడ్డను తీసుకున్నాడు. శీనయ్య ఒక మధ్యాహ్నం అవ్వ ఒడిలోనే కన్ను మూశాడు. ఎందుకని నన్ను అడగకండి సహోదరులారా, ఎన్నోసార్లు ఆయన్నే అడిగాను, నాకు జవాబు తెలియదు, తెలిసినట్టు మీ ముందు చెప్పను. బిడ్డను తీసుకుపోయాక అవ్వ ఏడవకుండా చాప మడిచి, చాలాసేపు దాని మీదే కూర్చుంది. కట్టుబాటు ప్రకారం ఒళ్ళూ గుడ్డలూ శుభ్రం చేసుకుని ఆ రోజే ఆమె వెళ్ళిపోవచ్చు. అయినా పొద్దు వాలేముందు లేచి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు కూచ్చునే నిద్రపోతాండావు అమ్మే. బిడ్డను నాకియ్యి, రవ్వంత పండుకో."

"అవ్వా, నువ్వు ఇంటికి పోవా?"

"ఆడికి పోయి ఏం జేస్తా? నా చేతులు ఊరికే ఉండలేవు" అని ఎస్తేరును ఒడిలోకి తీసుకుంది. యేసు పేరు పలకని ఆ తల్లి ఒడిలో నేను నా ప్రభువును చూశాను, ఇది ఎవరు ఏమనుకున్నా నా సాక్ష్యం!

కొన్ని రోజులకు పొక్కులు ఎండడం మొదలైంది, కళ్ళ వాపు దిగింది. ఇక కళ్ళు తెరుస్తుంది అనగానే నాకు పాత భయం పట్టుకుంది, ఇంత దగ్గరగా నా మొహం ఎప్పుడూ చూడని పిల్ల, చూసి జడుసుకుంటే? చెయ్యి దానంతట అదే కొంగు మీదికి పోయింది. నాగమ్మవ్వ చూసి నా చెయ్యి పట్టుకుని దించింది. "ఈడ ఎవురికి దాస్తాండావు అమ్మే? సూడనీ" అంది.

ఎస్తేరు కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, చాలాసేపు చూసింది, తర్వాత వేలు ఎత్తి నా బుగ్గ మీద గుంటలో పెట్టింది.

"అత్తా, నీకూ పోసిందా?"

"పోసింది బంగారూ."

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

"మళ్ళ?"

"తగ్గిపోయింది."

"నాకూ తగ్గిపోతుందా?" అంది ఆ పిల్ల, నా మొహంలోకి చూస్తూనే, నా మొహమే సాక్ష్యం అన్నట్టు.

తగ్గిపోయింది! సహోదరులారా, ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గాని నా చెవులు వినలేదు. మా వీధిలో నాతో పాటు పడిన పిల్లలు ఎంతమంది మట్టిలో కలిసిపోయారో, నా దేవుడు నన్ను లేపి నిలబెట్టాడు, ఆ సంగతికి నేను ఒక్కనాడైనా స్తోత్రం చెప్పానా? మచ్చలు తీసేయమని అడిగిన ఆ ఏళ్ళన్నింటిలో ఆయన ఎప్పుడో ఇచ్చేసిన జవాబును మొహం మీద మోస్తూనే తిరిగాను. అక్కడే, ఆ చాప మీదే, బిడ్డ చెయ్యి నా బుగ్గ మీద ఉండగానే, ఇన్నేళ్ళ బరువు దిగిపోయింది. నాగమ్మవ్వ కొంగుతో నా కళ్ళు తుడిచింది. దేవునికే మహిమ!

పొక్కులన్నీ రాలాక మమ్మల్ని బయటికి పంపారు. వదిన గీత దగ్గర పొద్దున్నుంచీ కాచుకుని ఉంది, టీకా పడింది, ఆమె చల్లగానే ఉంది. పరుగున వచ్చి బిడ్డను అందుకుని, మొహం చూసి, "అయ్యో నా బిడ్డ మొగం!" అని గొంతెత్తబోయింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను, అంత చనువు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

"వదినా, బిడ్డ ముందర ఏడవద్దు. నాకు జ్వరం ఎట్లుండెనో గుర్తులేదు, నొప్పి గుర్తులేదు. మా అమ్మ నన్ను చూసి ఏడ్చిన ఏడుపు మాత్రం ఇప్పటికీ గుర్తుండాది."

వదిన గొంతు దగ్గరే ఏడుపు మింగింది. మింగి, ఆ పిల్ల మచ్చ మచ్చకూ ముద్దు పెట్టుకుంది. తర్వాత నా మొహాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని చూసింది, ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆమె నన్ను సరిగా చూడడం అదే మొదలు.

ఆ తర్వాత నేను నాగమ్మవ్వను చూడడానికని ధర్మవరం వచ్చాను, వచ్చి ఆమె దగ్గరే నిలిచిపోయాను, పట్టు దారం కండెలకు చుట్టడం ఆమే నేర్పింది, పోయిన ఏడు ఆమె కళ్ళు మూసింది కూడా నా చేతులే. ఎక్కడ పిల్లలకు అమ్మవారు పోసిందని విన్నా నేను మూట కట్టుకుని పోతూనే ఉన్నాను, గేటు దగ్గర ఎవరూ నన్ను ఆపలేదు.

ఇప్పుడు బత్తలపల్లి అవతల మళ్ళీ షెడ్లు వేస్తున్నారు. కట్టుబాట్లు అప్పటివే, తోడు వచ్చేవాళ్ళు చాలక పిల్లలు ఒంటరిగా పడి ఉన్నారని కబురు వచ్చింది. ఎల్లుండి పొద్దున బండికి నేను పోతున్నాను. ఎస్తేరు ఇప్పుడు పెద్దపిల్ల, నిన్న సాయంత్రం హిందూపురం నుంచి రైల్లో వచ్చి దిగింది, నేనూ వస్తాను అత్తా, నన్నూ రానిస్తారు కదా అంటోంది, దాని గుడ్డల మూట వదినే కట్టి పంపింది. దేవుణ్ణి ఒక్కటే అడిగి, అది రాలేదని ఆయనతో మాట మానుకున్నవాళ్ళు మీలో ఉంటే, నా అమ్మల్లారా, అక్కల్లారా, ఆయనను నమ్మండి, ఆయన మరిచిపోలేదు. మీలో పోసి తగ్గినవాళ్ళు ఉన్నారు, టీకా పడినవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. బండిలో చోటు ఉంది. రండి.