గొడుగు పెట్టి ఆపిన చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫుట్‌బాల్ అంటే గుమ్మం బయట ఆరబెట్టిన బురద బూట్లు, వాటిని చూసి అమ్మ సణుగుడు, అంతే. మా అన్నయ్య స్కూలు జట్టులో గోల్‌కీపరు. వాడికి పదిహేనేళ్ళు, నాకు పన్నెండు. నాన్న కంప్యూటరు ఉద్యోగం పుణ్యమా అని తెనాలి నుంచి సింగపూర్ వచ్చి, టాంపినీస్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో మా బ్లాకులో లిఫ్టు ఎక్కితే చాలు, మెళ్ళో ఆఫీసు బ్యాడ్జీతో ఎవరో ఒక తెలుగు అంకుల్ కనిపించేవాడు. కనిపించిన ప్రతి అంకులూ పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న, ఏ కంప్యూటరు క్లాసుకు వెళ్తున్నావని.

మా స్కూలు మైదానం పక్కన కూర్చోవడానికి సిమెంటు మెట్లు ఉండేవి. ఒకప్పుడు మ్యాచ్ ఉందంటే అక్కడ నిలబడ్డానికైనా చోటు దొరికేది కాదని, పిల్లలు డ్రమ్ములు తెచ్చి వాయించేవాళ్ళని పాత టీచర్లు చెబుతుంటే మేం కథలా వినేవాళ్ళం. మా కాలానికి ఆ మెట్ల మీద గోరింకలు తిరిగేవి. బడి వదలగానే సగం మంది ట్యూషన్లకు పోయేవాళ్ళు, మిగిలిన సగం కొత్తగా వచ్చిన ఇంటర్నెట్టు కోసం కంప్యూటరు గది ముందు వరస కట్టేవాళ్ళు. పైగా టీవీలో విదేశీ జట్ల ఆటలు చూసి చూసి, మా వాళ్ళ ఆట ఎవరి కంటికీ ఆనేది కాదు. రమ్మని పిలిస్తే నా క్లాసు పిల్లలు "వాచ్ ఫర్ వాట్? షూర్ లూజ్ లా" అని బ్యాగు భుజాన వేసుకుని చక్కా పోయేవాళ్ళు. వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం లేదు. మా జట్టు ఓడిపోవడంలో చాలా నిలకడగా ఉండేది.

ఆ ఏడాది అమ్మమ్మ మా దగ్గరికి వచ్చింది. వచ్చిన వారానికే ఫ్లాటు నాలుగు గోడలూ ఆవిడకు విసుగొచ్చేశాయి. పొద్దున్నే కిందికి దిగి ఎంఆర్‌టీ రైలు స్టేషను దాకా నడిచేది. అక్కడ టిష్యూ పేపర్ల ప్యాకెట్లు అమ్మే ఒక చైనా అవ్వ ఉండేది. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు తెలుగు తప్ప ఏదీ రాదు. అయినా ఇద్దరూ గంటసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఒక బుధవారం నాకు తోడుగా అమ్మమ్మ మ్యాచ్‌కు వచ్చింది. అంత పొడవు మెట్ల మీద మేమిద్దరమే, ఒక గొడుగు కింద. అన్నయ్య పక్కకు దూకి ఒక బంతి పట్టుకున్నాడు. పట్టుకుని, దాన్ని విసిరే ముందు మెట్లకేసి ఒకసారి చూశాడు. అమ్మమ్మ చప్పట్లు కొట్టింది. అంత పెద్ద మైదానంలో ఆ రెండు చేతుల చప్పుడు వింటే నాకు సిగ్గూ వేసింది, అన్నయ్య మీద జాలీ వేసింది. ఆట అయ్యేవరకూ వాడు బంతి పట్టిన ప్రతిసారీ అలాగే ఇటు చూశాడు.

"వాడు ఎవరికోసమే అట్టా చూస్తన్నాడు?" అని అడిగింది అమ్మమ్మ. అలవాటేమోలే అన్నాను.

ఆ వారమే భోజనాల దగ్గర నాన్న విషయం తేల్చేశాడు. నాన్న కోపిష్టి కాదు. ఆయన నెమ్మదిగా, లెక్క అప్పజెప్పినట్టు మాట్లాడతాడు, అందుకే ఆయనతో వాదించడం కష్టం. "మీ స్కూలు పిల్లలే చూట్టానికి రాని ఆట నువ్వు ఎవరి కోసం ఆడుతున్నావురా?" అన్నాడు. జావా క్లాసు కొత్త బ్యాచ్ మొదలవుతోందని, అదీ బుధవారం సాయంత్రాలేనని, రాబోయే మ్యాచ్ ఒక్కటీ ఆడేసి జట్టులోంచి తప్పుకోమని చెప్పాడు. అన్నయ్య ఎదురు చెబుతాడనుకున్నాను. వాడు పెరుగన్నంలో వేలు తిప్పుతూ సరేనన్నాడు. ఆ ఖాళీ మెట్లను నాకంటే ఎక్కువగా చూసినవాడు వాడే కదా.

అమ్మమ్మ అంతా విన్నది. అల్లుడి ఎదుట మాట్లాడటం, ఆయన పక్కన కూర్చోవడం ఆవిడకు అలవాటు లేదు. ఏదైనా చెప్పాలంటే నన్నో, అమ్మనో మధ్యన పెట్టుకునేది.

ఆదివారం అందరం తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటరుకు వెళ్ళాం. ఖాళీగా ఉన్న ఒక బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు కనబడగానే అమ్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని పైకెత్తి పట్టుకుని, "ఎవరిదయ్యా ఇది, మర్చిపోయారు" అంటూ బల్ల బల్లకీ తిరగడం మొదలుపెట్టింది. నేను పరుగెత్తి ఆవిడ చేయి పట్టుకున్నాను. ఎవరూ మర్చిపోలేదని, తినడానికి తెచ్చుకునేలోపు చోటు పోకుండా అలా పెట్టి వెళ్తారని, దాన్నే ఇక్కడ చోప్ చేయడం అంటారని, ప్యాకెట్టు ఉన్న చోట ఇంకెవరూ కూర్చోరని చెప్పాను. ప్యాకెట్టును ఎక్కడిది అక్కడ పెట్టించేసరికి ఆవిడకు నవ్వు ఆగలేదు.

"ఓసి, ఇది మన తెనాలి బస్టాండేనే" అంది. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడంలో మా తాతయ్యను మించినవాడు లేడట. ఒకసారి కర్చీఫ్ లేక చెప్పు వేశాడట, బస్సు ఆ చెప్పుతోనే వెళ్ళిపోయిందట. నవ్వడం అయ్యాక, "ఖాళీ బస్సు ఎవడెక్కుతాడే? అది ఇప్పుడప్పుడే కదలదని పక్కబస్సు చూసుకుంటారు. అదే ఓ నాలుగు కర్చీఫులు పడ్డాయా, ఇంక తోసుకోవడమే" అంది. ఆ తర్వాత ఆవిడ కాఫీ చల్లారిపోతున్నా గ్లాసు ముట్టుకోలేదు. ఏదో లోపల నడుస్తోందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మర్నాడు చైనా అవ్వ బుట్టలో సరుకంతా మా ఇంటికి వచ్చేసింది. ఇన్ని టిష్యూలు ఎందుకమ్మా, ఎవరికి జలుబు చేసిందని అమ్మ అడిగితే, చేయబోతుందేమో ఎవరు చూడొచ్చారు అంది అమ్మమ్మ.

మ్యాచ్ రోజున బడి వదిలేసరికి ఆవిడ గేటు దగ్గర గంజి పెట్టిన నేత చీరలో, చేతిలో సంచీ, చంకలో గొడుగుతో నిలబడి ఉంది. ఆట మొదలవడానికి ఇంకా చాలా సమయం ఉంది. నేరుగా మెట్ల దగ్గరికి వెళ్ళి, మధ్య వరసల్లో ఒక్కొక్క మనిషి పట్టేంత చోటు వదులుతూ ప్యాకెట్లు పెట్టుకుంటూ పోయింది. క్యాంటీన్ నుంచి వెనక గేటుకు వెళ్ళే పిల్లలంతా ఆ దారినే పోవాలి. నా క్లాసు పిల్లలు చూస్తుండగా మా అమ్మమ్మ ముగ్గు పెట్టినంత శ్రద్ధగా టిష్యూలు సర్దుతుంటే నా ప్రాణం చచ్చిపోయింది.

"ఎవరైనా అడిగితే వస్తన్నారని చెప్పు" అంది.

"ఎవరు?"

"వచ్చేవాళ్ళు."

అడగనే అడిగారు. ముందు ఇద్దరమ్మాయిలు ఆగి, "వా, హూ చోప్ సో మెనీ?" అన్నారు. వస్తున్నారు అని గొణిగాను. సింగపూర్‌లో పెరిగిన పిల్లలకు అంతకంటే చెప్పనక్కర్లేదు. ఎక్కడైనా వరస కనబడితే అది దేనికో తెలియకపోయినా ముందు నిలబడి తర్వాత కనుక్కునే ఊరు అది. కాసేపటికి కంప్యూటరు గది దాకా కబురు పాకింది. అవతలి స్కూలు వాళ్ళు బస్సులు వేసుకుని వస్తున్నారని, మన మైదానంలో మన మెట్లే ఆపేసుకున్నారని ఎవరో కల్పించారు. అది మాత్రం మేము పుట్టించింది కాదు. మన మెట్ల మీద వాళ్ళ పెత్తనమేమిటని పౌరుషం వచ్చి, పెద్ద క్లాసుల వాళ్ళు దిగి వచ్చారు. కింది వరస నిండింది, పై వరస నిండింది. చివరికి గోడ పక్కన నిలబడ్డారు. ఇంత జరిగినా టిష్యూ పెట్టిన చోట ఒక్కరంటే ఒక్కరు కూర్చోలేదు.

అవతలి జట్టు మాత్రం చిన్న వ్యానులో, ఆడేవాళ్ళే దిగారు. ఆట మొదలైంది. మధ్య వరసలు అలాగే ఖాళీగా ఉన్నాయి. అందరూ మాకేసి చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడేం చేస్తావు అమ్మమ్మా అని నేను అడగబోతుంటే, ఆవిడ తాపీగా లేచింది. మొదటి ప్యాకెట్టు తీసి, గోడ పక్కన నిలబడ్డ ఒక మలాయ్ అమ్మాయిని చేత్తో పిలిచి, ఆ చోట కూర్చోబెట్టి, ప్యాకెట్టు ఆ పిల్ల అరచేతిలో పెట్టింది. "నీకోసమే ఆపానమ్మా, కూర్చో" అంది. ఆ పిల్ల నాకేసి చూసింది. నీకోసమే చోప్ చేసిందట అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆ తర్వాత ఇంకెవరికీ అనువాదం అవసరం రాలేదు. అమ్మమ్మ ఒక్కొక్కరినే పిలిచి, ఒక్కొక్కరికే చోటు చూపించి, చెమట తుడుచుకోమని సైగ చేసింది. పిల్లలు నవ్వుతూ వచ్చి కూర్చున్నారు. అవతలి స్కూలు వాళ్ళ సంగతే అందరూ మర్చిపోయారు. చివరికి నా పక్కన ఒక్క చోటు మిగిలింది. అక్కడ ప్యాకెట్టు కాదు, ఆవిడ గొడుగు ఉంది. పొడుగాటి అబ్బాయొకడు అడిగితే మాత్రం అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

సగం ఆట అయ్యాక నాన్న వచ్చాడు. టై వదులు చేసుకుని, మెళ్ళో బ్యాడ్జీతో, మెట్ల చివర నిలబడి కంగారుగా మాకోసం వెతుకుతున్నాడు. అమ్మమ్మకు ఎండలో నడవడం కష్టంగా ఉందట, స్కూలుకు వెళ్ళి తీసుకురమ్మని అమ్మ ఆయన ఆఫీసుకు ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. చేయించింది అమ్మమ్మేనని వేరే చెప్పక్కర్లేదు. అత్తగారు అడిగిన పని వాయిదా వేసే అల్లుడు కాదు మా నాన్న. ఆయన దగ్గరికి రాగానే అమ్మమ్మ గొడుగు తీసేసి, తను లేచి కింది మెట్టు మీదికి దిగి కూర్చుంది. ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నా, నాతో అంది.

"మీ నాన్నగారిని కూర్చోమని చెప్పవే. ఆయన కోసమే ఆపాం."

నేను చెప్పాను. ఆయన కూర్చున్నాడు. అప్పటికి మేము ఒక గోలు వెనకబడి ఉన్నాం. అవతలి వాడొకడు మా వాళ్ళందర్నీ తప్పించుకుని గోలు మీదికి వచ్చి గట్టిగా తన్నాడు. అన్నయ్య మనిషంతా సాగినట్టు దూకి బంతిని గుండెకు హత్తుకుని కింద పడ్డాడు. మెట్లన్నీ ఒక్కసారి అరిచాయి. ఈసారి అమ్మమ్మ చప్పట్లు ఏవో విడిగా వినిపించలేదు. అన్నయ్య లేచి, అలవాటు ప్రకారం ఇటు చూశాడు. ఆ చూపు ఒక వరస నుంచి ఇంకో వరసకు వచ్చి నాన్న దగ్గర ఆగిపోయింది. వాడు బంతి పట్టుకుని అలా నిలబడే ఉన్నాడు. ఆట సాగించమని రిఫరీ ఈల వేయాల్సి వచ్చింది. నాన్న మెల్లగా బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

మేము ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయాం. ఇంటికి వస్తుంటే బస్సులో నాన్న అన్నయ్యను ఒక ప్రశ్న అడిగాడు. వాడు ఏ వైపుకు తంతాడో నీకు ముందే ఎలా తెలిసిందిరా అని. వాడి ఆట గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. అన్నయ్య చేతులూ కాళ్ళూ ఆడిస్తూ దిగే స్టాపు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. దిగబోయే ముందు నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, జావాకు శనివారం పొద్దున బ్యాచ్ కూడా ఉందిట అన్నాడు. ముందు సీటులో అమ్మమ్మ నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని ఉంది, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

ఆ తర్వాత మా స్కూలు మెట్లు ప్రతిసారీ నిండాయని చెబితే అబద్ధమవుతుంది. కొన్నాళ్ళు వచ్చారు, మళ్ళీ పల్చబడ్డారు. కానీ మధ్య వరసలో కొందరు మాత్రం ఎప్పుడూ ఉండేవాళ్ళు, వేళాకోళానికి టిష్యూ ప్యాకెట్లు పెట్టుకుని మరీ. నాన్నకు కుదిరినప్పుడల్లా అందులో ఆయన కూడా ఉండేవాడు. అన్నయ్య గొప్ప ఆటగాడేమీ కాలేదు, వాడికి తిండి పెడుతున్నది జావాయే. ఆ రోజు ఎంతమంది వచ్చారని ఎప్పుడైనా అడిగితే వాడికి గుర్తులేదంటాడు. అమ్మమ్మ గొడుగు తీయడం, నాన్న కూర్చోవడం మాత్రం గుర్తుందంటాడు.

ఇప్పుడు నా కూతురు వాళ్ళ స్కూలు జట్టులో ఆడుతోంది. మెట్లు మళ్ళీ ఖాళీ. ఆ మధ్య ఒకరోజు నాకు ఆఫీసులో మీటింగు తెమలక, సగం ఆట అయ్యాక, మెళ్ళో బ్యాడ్జీ తీయకుండానే పరుగెత్తాను. మెట్ల మీద మా నాన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన మడత గొడుగు పెట్టి ఉంది. మైదానం మీంచి చూపు తిప్పకుండానే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కూర్చో. ఇందాకట్నుంచీ ఇటే చూస్తోంది" అన్నాడు.

కూర్చున్నాను. నాకు కళ్ళు నిండాయి, సిగ్గుపడలేదు. జనం రావడంలేదని ఎవరైనా అన్నప్పుడల్లా, మైదానంలోంచి ఇటు తిరిగే ఆ చూపు నాకు గుర్తొస్తుంది. అది మొత్తం జనాన్ని వెతకదు, తన మనిషిని వెతుకుతుంది. ఆ మనిషి కోసం ముందే వెళ్ళి చోటు ఆపి ఉంచడం మా అమ్మమ్మ నాకు నేర్పింది. నా బ్యాగులో ఎప్పుడూ ఒక మడత గొడుగు ఉంటుంది. వానకు దాన్ని విప్పేది తక్కువే.